నలభై ఏడో ముక్కు

మధ్యాహ్నం రెండూ అయిదుకి నేను తంబానా కుండా అనే ఆ ఊరు చేరేసరికి ఇన్‌స్పెక్టర్ వాలీ ఫాయ్ కేసు తేల్చేసి, నీడన బల్ల వేయించుకుని టీ తాగుతున్నాడు. నర్సు సిరా డార్బో జీపు వెనకసీట్లో ఉంది. కుడిచేతికి వేసిన బేడీ సీటు కడ్డీకి తగిలించి ఉంది. ఎడమచేత్తో ఒళ్ళో ఉన్న ఐసుపెట్టెను పొదువుకుని కూర్చుంది.

బల్లకట్టు నదికి అడ్డంగా రోజుకు రెండే సార్లు నడుస్తుంది. పొద్దున ఏడుకోసారి, సాయంత్రం నాలుక్కోసారి. నాలుగింటి బల్లకట్టు మీద సిరాని అవతలి ఒడ్డున ఉన్న జిల్లా స్టేషనుకు తీసుకుపోవాలని ఫాయ్ ఏర్పాటు. ఈ లోపల అసలు మనిషి ఎవరో నేను తేల్చాలి. అసలు మనిషంటే దొంగ కాదు. ఒక ముక్కు.

సంగతి ఇది. పిల్లల ఆరోగ్యం మీద పరిశోధన చేసే మా కేంద్రం ఈ చుట్టుపక్కల అరవైమంది పిల్లల్ని ఎంచుకుని, ఒక్కొక్కరి ముక్కులో నాలుగేసి సార్లు దూదిపుల్ల పెట్టించింది. వెళ్ళినప్పుడల్లా రెండు పుల్లలు. ఒకటి, ముక్కులో ఏ బాక్టీరియా కాపురం ఉంటున్నదో చూడటానికి. రెండోది, దాన్ని కనిపెట్టి ఉండాల్సిన ఒంట్లోని కాపలా జన్యువులు నిద్రలో ఉన్నాయో మేలుకుని ఉన్నాయో చూడటానికి. నలభై ఏడో నెంబరు ఫోదే, మూడేళ్ళ వాడు. కాగితాల్లో నాలుగు చోట్లా ‘మగ’ అని ఉంది. పుల్లలు పెట్టింది సిరా. ఆడవాళ్ళ కణాల్లో మాత్రమే మేలుకుని పనిచేసే జన్యువొకటి ఉంది, మగవాడి ముక్కులో అది నోరెత్తదు. నలభై ఏడో నెంబరు పుల్లల్లో నాలుగుసార్లూ అది గొంతెత్తి మాట్లాడింది.

సిరాకి మూడేళ్ళ కూతురుంది. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు మోటారుసైకిలు తొక్కలేక ఇంట్లో కూతురి ముక్కులోనే పుల్ల పెట్టి, ఫోదే పేరు రాసేసిందని ఫాయ్ నిర్ధారణ. ఇంతే అయితే ఉద్యోగం పోయేది, సరిపోయేది. కాని సోమవారం తీసిన నాలుగో పుల్లలో ఒకటో రకం న్యూమోకోకస్ దొరికింది. ఈ ఎండాకాలంలో నదికి ఇవతల మెదడు పొరల వాపుతో పోయిన నలుగురు పిల్లల్లో దొరికిందీ అదే.

పొద్దున ల్యాబు నుంచి అడామా చామ్ ఫోను చేసింది. ఆవిడ మాట ఎప్పుడూ తూకం వేసినట్టుంటుంది. మన పిల్లల్లో పదిమందికి ఎనిమిది మంది ముక్కుల్లో ఏదో ఒక రకం న్యూమోకోకస్ ఉంటుందనీ, అద్దెకున్నవాడు గొడవ చెయ్యనంత కాలం ఇంటికుక్క కూడా మొరగదనీ చెప్పింది. “కాని కోలీ గారూ, ఈ నలభై ఏడో ముక్కులో మూడు సార్లు కుక్క పడుకునే ఉంది. సోమవారం లేచింది. కాపలా జన్యువులన్నీ ఒక్కసారి మేలుకున్నాయి. అద్దెకున్నవాడు గది తలుపు పగలగొడుతున్నట్టు లెక్క. ఆ పిల్ల ఎవరో ఇవాళ నాకు కావాలి.”

ఇవాళ శుక్రవారం. నాలుగు రోజులు గడిచిపోయాయి. మందు ఉంది, పుల్ల ఉంది, ముక్కే లేదు.

నన్ను చూసి ఫాయ్ లేవలేదు. వాడు సెరేర్, నేను జోలా. మా రెండు జాతులకీ తాతల నాటి నుంచి వేళాకోళం వరస. ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు, నోరు తెరిచి ఒకటి అడిగితే కాదనకూడదు.

“నా బానిస ఇంత ఆలస్యంగా వచ్చాడేం? దారిలో ఎవరి అన్నంకుండో అడ్డం పడిందా?” అన్నాడు.

“యజమాని రాకముందే బానిసలు టీ కాచుకుంటారని విన్నాను. కళ్ళారా చూడటం ఇవాళే” అని వాడి గ్లాసు తీసుకుని తాగేశాను. “మూడున్నర దాకా ఈ కేసు నాది.”

“వరస అడ్డం పెట్టుకుని అడుగుతున్నావు.”

“మరి దేన్ని అడ్డం పెట్టుకోను? నీ తెలివినా?”

నవ్వాడు గాని లోపల మండింది. నేను ఇన్‌స్పెక్టరుగా విరమించి కేంద్రం కొలువులో చేరితే నా కుర్చీలోకే వాడొచ్చాడు. ఆ కుర్చీ ఇంకా వేడిగానే ఉందని వాడి బాధ. ఇప్పుడు సముద్రతీరంలో అమ్మమ్మ దగ్గర ఉన్న సిరా కూతురికి ఇంజెక్షన్ వేయించమని పదిన్నరకే ఫోను చేశాననీ, ప్రమాదం తప్పిపోయిందనీ, ఇక నేను తవ్వేదేమీ లేదనీ చెప్పాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చినప్పటి నుంచి ఈ లోగిలి దాటి ఎవరినీ పోనివ్వలేదనీ చెప్పాడు. అది మాత్రం మంచిపని చేశావన్నాను.

జీపు దగ్గరికి వెళ్ళి సిరా ఎదుట ఆమె రాసిన కాగితాలే పరిచాను. మిగతా ఇళ్ళలో ఒక్కో పిల్లవాడికి పన్నెండు నిమిషాలు, మహా అయితే పదిహేను. ఈ ఒక్క ఇంట్లో నలభై. అదీ మొదటిసారి కాదు, మొదటిసారి పద్నాలుగే. రెండోసారి నుంచి ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, నలభై. ఎందుకని అడిగాను.

“నా కూతురికే పెట్టాను. రాసుకోండి, సంతకం పెడతాను” అంది.

ముప్ఫై ఏళ్ళలో వందల నేరాలు ఒప్పించాను. తప్పు చేసినవాడు ముందు అబద్ధమాడి, అలిసిపోయాక నిజం కక్కుతాడు. గొర్రె తనంతట తానే కత్తి నోట కరుచుకొస్తే కసాయివాడు కూడా ఒక నిమిషం ఆలోచిస్తాడు. నేను ఫోను తీసి ఒక బొమ్మ చూపించాను. సిరా తల్లి పదకొండూ ఇరవైకి పంపింది. మనవరాలి ఆరోగ్యకార్డు. సోమవారం ఉదయం తొమ్మిదీ పదిహేనుకి తీరంలోని ఆసుపత్రిలో పిల్లని తూకం వేసి ముద్ర వేశారు. ఇక్కడ నాలుగో పుల్ల పెట్టింది అదే సోమవారం పదీ నలభైకి, మధ్యాహ్నానికే కేంద్రం బండి వచ్చి దాన్ని పట్టుకుపోయింది. రెండు చోట్లకీ మధ్య ఆరు గంటల దారి. నాలుగు పుల్లలూ ఒకే పిల్లవని అడామా ముందే చెప్పింది. నాలుగోది నీ కూతురిది కానప్పుడు ఏదీ నీ కూతురిది కాదు కదమ్మా అన్నాను.

సిరా ముఖంలో ఊరట కనపడలేదు. కోపం కనపడింది.

“ఆ కార్డు మిమ్మల్నెవరు అడగమన్నారు?” అంది.

కాపాడబోతే కోప్పడే మనిషి ఇంకెవరినో కాపాడుతున్నట్టు. నాకు సగం కేసు అక్కడే తెమిలిపోయింది.

ఫాయ్ కార్డు చూసి ఒక్క నిమిషం తగ్గాడు, మళ్ళీ లేచాడు. కూతురు కాకపోతే ఇంకెవరి పిల్లో, నేరం నేరమే అన్నాడు. పైగా తన దగ్గర మరో ముక్క ఉందన్నాడు. ఫోదే తల్లి తెనెంగ్ అసలు తల్లే కాదని వాడి అనుమానం. వాడు చూపించిందల్లా నేనూ చూశాను. కోళ్ళగూడు పక్కన సొట్టలు పడిన రేకుడబ్బా, పిల్లవాడికి అందులోనే తిండి. దండెం మీద ఆరేసిన చొక్కా, పిండిసంచి గుడ్డలు ఏడు రంగులవి కలిపి కుట్టింది. ఊళ్ళో ఎవరూ ఫోదే అనరు. సుంతుకుంగ్ అంటారు, చెత్తకుప్ప అని. వాడెక్కడ అని అడిగితే తెనెంగ్, “ఆ చెత్త సంగతి నాకెందుకు, ఎక్కడో పడి ఉంటుంది” అందట.

“పిల్లవాడు చచ్చన్నా ఉండాలి, అమ్మేసన్నా ఉండాలి. ఈ నర్సుకి తెలుసు. దాచింది” అన్నాడు ఫాయ్. వాడు పట్నంలో పుట్టి పట్నంలో పెరిగినవాడు. వాడికి కనపడేది కనపడుతుంది, అంతే.

నేను డబ్బా దగ్గర గొంతుక్కూర్చుని పుల్లతో కదిపాను. పైన మాడు, అడుగంటిన నల్లటి అన్నం. దాని కింద తెల్లన్నం. ఇంకా కింద వేరుశనగ పులుసులో నాని ఉన్న చేపబుగ్గ, ముల్లు తీసి పెట్టింది. ఒక్క చేప పదిమందికి వచ్చే ఇళ్ళలో బుగ్గ ఇంటాయనకో చుట్టానికో పడుతుంది. దాన్ని చెత్త కింద దాచి చెత్తకుప్పకు పెట్టిన ఆడదాన్ని పట్టుకుని తల్లి కాదంటున్నాడు వీడు. ఇంకో సంగతి. బుగ్గ చెక్కుచెదరలేదు, చీమలు పట్టాయి. మూడేళ్ళ బిడ్డ చేప వదిలిపెట్టిందంటే ఆకలి చచ్చి ఉండాలి.

ఫాయ్‌ని బయటే ఉండమని గదిలోకి వెళ్ళాను. తెనెంగ్ నేల మీద కూర్చుని ఉంది. ముప్ఫై అయిదుంటాయి. మొగుడు తీరంలో చేపల పడవ మీద పనిచేస్తున్నాడు. తలుపు వెనక మేకుకి పూసలదండలు, అడ్డంగా వేసుకునే రెండు పేటలు, వాటి పక్కన సగానికి కోసిన సొరబుర్ర. అది చూశాక ఇంకేమీ వెతకనక్కర్లేకపోయింది. అవి కన్యలెంగ్ ఆడవాళ్ళ గుర్తులు. పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే, ఆ తల్లులు ఒక జట్టు కట్టి, వెకిలివేషాలు వేసి, ఆడి, పాడి, మృత్యువుని మాయచేసి బిడ్డను దక్కించుకుంటారు. మా జోలా వాళ్ళలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

“ఎంతమందిని పూడ్చావు చెల్లీ?” అని మెల్లిగా అడిగాను.

నాలుగు వేళ్ళు చూపించింది.

“నలుగురూ ఒకటేనా?”

తల ఊపింది. మగా ఆడా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తలుపు దగ్గరికి వేసి, గోడకి ఆనుకుని కూర్చున్నాను. మా అమ్మకి ఆరుగురి తర్వాత పుట్టానని చెప్పాను. నా అసలు పేరు అన్సుమానా అని నాకే ఎనిమిదో ఏడు దాకా తెలియదనీ, ఊరంతా నన్ను పేడకడి అని పిలిచేదనీ చెప్పాను. “నాకేం బట్టలు వేసేదో తెలుసా? గౌను. చెవులు కుట్టించింది. మా వీధి మగపిల్లలు నన్ను ఆటల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు.”

నా చెవితమ్మె పట్టుకుని చూపించాను. కన్నం పూడిపోయింది గాని గుర్తు ఉంది. తెనెంగ్ వంగి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత చెప్పిందంతా గుసగుసల్లోనే. సిరాకి మొదటిసారి తెలియదు. తల్లి మగ అంటే మగ అని రాసుకుంది. రెండోసారి పిల్ల పుల్లకి భయపడి ఒళ్ళు తడుపుకుంటే బట్టలు మార్చేటప్పుడు చూసింది. చూసి గబుక్కున తలుపు మూసింది. ఎవరికీ చెప్పనని తన కూతురి తలమీద చెయ్యివేసినట్టు ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా ముందు తలుపులు, కిటికీ మూసి, పిల్లని నోటికొచ్చినట్టు తిట్టి, తల్లితో కలిసి ఒక వెకిలిపాట పాడి, అప్పుడు పుల్ల పెట్టేది. అదీ నలభై నిమిషాల లెక్క. కాగితంలో కొట్టివేసి దిద్దితే పై అధికారి పైకి చదివి కారణం అడుగుతాడు. చదువుకున్న పిల్ల, ఒంట్లోని జన్యువు మాట్లాడుతుందని తెలిసి ఉండాల్సిన పిల్ల, ఒట్టుకే తలవంచింది. నేను మాత్రం తప్పు పట్టలేను. నేను బతికి ఉన్నది అలాంటి ఒట్ల మీదే.

బయటికొచ్చి ఫాయ్ చేతిలోని నోటుబుక్కు లాక్కుని ఒక్క మాట రాసి ఇచ్చాను. ‘ఫోదేయే ఆడపిల్ల.’

వాడు చదివి నోరు తెరవబోతే చేత్తో ఆపాను. “పైకి అనకు. మృత్యువుకి చెవులున్నాయి, చదువు లేదు.”

ఫాయ్ డబ్బా వైపు చూశాడు, చొక్కా వైపు చూశాడు.  ఇది కోర్టులో నిలబడదని మాత్రం గొణిగాడు. కోర్టు సంగతి రేపు చూద్దాం, పిల్ల సంగతి ఇవాళ చూడమన్నాను.

మూడూ ఇరవై ఎనిమిది. మళ్ళీ లోపలికెళ్ళి తెనెంగ్‌ని అడిగాను, సుంతుకుంగ్ ఎప్పటినుంచి తినడం లేదని.

నిన్న పొద్దుటి నుంచి అంది. ఒళ్ళు కాలిపోతున్నదట. రాత్రంతా తల పట్టుకుని ఏడ్చిందట. మృత్యువు కన్ను మళ్ళీ పడిందని భయపడి, జట్టుపెద్ద ఫూనేకి కబురుచేస్తే, ఆవిడ చీకటితోనే వచ్చి పిల్లని వీపున కట్టుకుని ఏడుగంటల బల్లకట్టు ఎక్కేసింది. అవతల జారెకోతోలో ఇవాళ పదకొండు ఊళ్ళ కన్యలెంగ్ ఆడవాళ్ళు చేరుతున్నారు. రోజంతా ఆడతారు, పాడతారు. తెనెంగ్ ఇల్లు చక్కబెట్టుకుని నాలుక్కి బయల్దేరదామనుకునేలోగా పోలీసులొచ్చి గడప దాటనివ్వలేదు. ఫాయ్ వచ్చింది ఎనిమిదింటికి. పిల్ల పోయింది ఏడుకి. ఆ గంటే మా నెత్తిన పడింది.

“అక్కడ పిల్లలెంతమంది?”

“ముప్ఫై పైనే. ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్కరే ఉంటారు” అంది తెనెంగ్. “పిల్లలందరికీ ఒకటే పళ్ళెం, ఒకటే చాప. అదే మా పద్ధతి. ఎవరి బిడ్డ ఏదో దానికి తెలియకూడదని.”

మృత్యువు సంగతేమో గాని, ఒకటో రకం న్యూమోకోకస్‌కి ఇంతకంటే మంచి పద్ధతి ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్క తల్లీ ఎందరినో పూడ్చుకుని చివరికి దక్కించుకున్న పిల్లలు, ముప్ఫైమంది, ఒకే చాప మీద.

మూడూ ముప్పై ఆరుకి ఫూనేకి ఫోను కలిసింది. వెనకనుంచి డప్పులు. చెత్తకుప్ప ఎలా ఉందని అడిగాను. మధ్యాహ్నం నుంచి నిద్రపోతోందనీ, లేపితే కళ్ళు తెరవకుండా మెడ వెనక్కి విరుచుకుంటోందనీ, దెయ్యం దిగుతున్నట్టే ఉందనీ ఆవిడ సంతోషంగా చెప్పింది. పిల్లని వేరే పడుకోబెట్టమని అరిచాను. లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

జీపు దగ్గరికి పరుగెత్తాను. నేను నోరు తెరవకముందే ఫాయ్ బేడీ తాళం తీస్తున్నాడు.

“ఆ పెట్టెలో ఇంజెక్షన్ ఉందా?” అని సిరాని అడిగాడు.

“ఉంది. ఫలితం తెలిసి తెచ్చాను. అందుకే పొద్దుటి నుంచి వదల్లేదు” అంది సిరా. “మిమ్మల్ని రెండుసార్లు అడిగాను నన్ను లోపలికి పోనివ్వమని. మీరు టీ తాగుతున్నారు.”

ఫాయ్ బేడీ జేబులో వేసుకున్నాడు. తెనెంగ్‌ని ముందు సీట్లో ఎక్కించుకుని తనే నడిపాడు. మట్టిరోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో కొట్టాడు. రేవు చేరేసరికి మూడూ యాభై ఏడు. బల్లకట్టు అప్పటికే ఒడ్డు వదిలి ముప్ఫై గజాలు పోయింది. శుక్రవారం జనం ఎక్కువగా ఉంటే అయిదు నిమిషాలు ముందే తాడు విప్పుతారని నేను మర్చిపోయాను. రోజు మొత్తంలో అదొక్కటే నా పొరపాటు.

ఫాయ్ ఈల ఊదాడు. టోపీ తీసి ఊపాడు. సరంగు వెనక్కి తిరిగి చూసి, పోలీసుని చూసి, చెయ్యి ఊపి మళ్ళీ ముందుకి తిరిగాడు. సామాన్లు తనిఖీ చేసి డబ్బులు గుంజే పోలీసుల కోసం ఏ సరంగూ బల్లకట్టు వెనక్కి తిప్పడు. ఆ పేరు ఫాయ్‌కి ముందున్నవాళ్ళు సంపాదించిపెట్టింది, నేనూ అందులో ఒకణ్ణి. చిన్న పడవలున్నాయా అని చూస్తే ఒక్కటీ లేదు. పడవలన్నీ ఆడవాళ్ళని దించి అవతలే ఉండిపోయాయి.

అప్పుడు తెనెంగ్ నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా. సిరాకి అర్థమై, “అక్కా, వద్దు, అనొద్దు” అంటూ చెయ్యి పట్టుకోబోయింది. తెనెంగ్ విదిలించుకుంది.

“నా కూతురు” అంది.  మళ్ళీ అంది, ఈసారి నది అవతలికి వినపడేటట్టు. “నా కూతురు అవతల చచ్చిపోతోంది. వెనక్కి తిప్పు నాయనా. కూతురు, కొడుకు కాదు. నా కడుపున పుట్టిన కూతురు.”

బల్లకట్టు మీద ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఆ మాట నోటితో అనడానికి ఒక కన్యలెంగ్ తల్లికి ఎంత ఖరీదో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకావిడ పోయి సరంగు భుజం పట్టుకుని గుంజింది. ఇంజను తగ్గింది. బల్లకట్టు మెల్లిగా, అడ్డంగా తిరగడం మొదలుపెట్టింది.

నాలుగూ ఏడుకి మేము నలుగురం దాని మీద ఉన్నాం. అవతలి ఒడ్డుకి ఇరవై నిమిషాలు. తెనెంగ్ తడిబట్టలతో ముందుకొసన నిలబడింది. సరంగు నా దగ్గరికి వచ్చి, పొద్దున ఫూనే తీసుకెళ్ళిన పిల్లలేనా అని అడిగాడు.

పిల్లలు కాదు, పిల్ల అన్నాను.

“ఒకతి వీపున ఉంది. ఇంకో ఇద్దరిని చెరో చేత్తో పట్టుకుంది. ఆ ఇద్దరూ కూడా నడవలేకపోయారయ్యా, నేనే ఎత్తుకుని దించాను. ఒళ్ళు పొయ్యిలా ఉంది.”

నేను సిరా వైపు చూశాను. ఆమె అప్పటికే ఐసుపెట్టె తెరిచింది. లోపల ఒకే ఒక్క సీసా ఉంది. దాన్ని వెలుగుకి ఎత్తి, ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందో చూస్తోంది.